రూతక్క దగ్గరున్న పదకొండు తాళాలు

మా చీరాల శాఖా గ్రంథాలయంలో పట్టణ ప్రణాళిక గురించి ఒక లావుపాటి పుస్తకం ఉంది. అట్ట ఊడిపోయింది, మొదటి పన్నెండు పేజీలు లేవు. అందువల్ల దాని పేరేమిటో, రాసిందెవరో నాకిప్పటికీ తెలియదు. మూడుసార్లు చదివాను. పదో తరగతితో చదువు ఆపేసి, ఇంటి ముందుగదిలో జిరాక్సు మిషను పెట్టుకుని బతికేదానివి, ఊళ్ళు ఎలా కట్టాలో నీకెందుకమ్మా అని లైబ్రేరియన్‌గారు ఒకసారి నవ్వుతూ అడిగారు. "ఎప్పుడో ఒకప్పుడు పని పడకపోతుందా అండీ" అన్నాను.

పని పడింది. హైదరాబాదు నుంచి రూతక్క ఫోన్ చేసింది. రూతక్క మా పెద్దమ్మ కూతురు. శ్రీనగర్ కాలనీలో ఒక లోపలి వీధిలో, ఒక మేడ కింద కారు పెట్టుకునే గదిలో కుట్టు మిషను వేసుకుని పద్దెనిమిదేళ్ళుగా ఉంటోంది. సినిమావాళ్ళ బట్టలు బిగించడం, వదులు చెయ్యడం, వీధిలో ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టడం, చీరలకి ఫాల్సు వెయ్యడం ఆవిడ పని.

"సలోమీ, ఆదివారం మా వీధి అసోసియేషన్ మీటింగంట. లోపలి వీధుల్లో షాపులేవీ ఉండకూడదని తీర్మానం రాసి మున్సిపాలిటీకి ఇస్తారంట. మా ఓనరేమో వాళ్ళేమంటే అదేనంటున్నాడు. నాకు నలుగురిలో మాట్లాడటం రాదే. నువ్వేదో పెద్ద పుస్తకం చదివావు కదా, వచ్చి చెప్పవే" అంది.

ఆ గది పోతే అక్కకి ఆ చుట్టుపక్కల ఇంకో గది దొరకదు. మెయిన్ రోడ్డు మీద అద్దెలు తను అందుకోగలిగేవి కావు. మర్నాడే బయల్దేరాను. సంచిలో నాలుగు చీరలు, అక్కకి కిలో ఎండు రొయ్యలు, ఆ అట్టలేని పుస్తకం. వెళ్ళి వచ్చాక, అటు వైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చార్మినార్ ఎలా ఉందని మాత్రం అడగొద్దు. ఆ దిక్కుకే పోలేదు.

శ్రీనగర్ కాలనీ, బుధవారం

ఆటో అతను ఇంటి నంబరు చెబితే తల అడ్డంగా ఊపాడు.

"నంబర్లు నాకెర్కలేదమ్మా. దేని పక్కపొంటి ఉంటదో చెప్పు."

మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగాక ఇద్దరిని ఆపి నంబరు అడిగాం. ఇద్దరూ ఆకాశంలోకి చూశారు. మూడో మనిషి బండి మీద ఇస్త్రీ చేస్తున్నాడు. ఈసారి నంబరు వదిలేసి "రూతక్క టైలరు" అన్నాను. అతను ఇస్త్రీపెట్టె ఎత్తకుండానే గడ్డంతో చూపించాడు.

"గట్ల ముందుగాలనే చెప్తే అయిపోతుండె గదా" అన్నాడు ఆటో అతను.

మెయిన్ రోడ్డు మీద అన్నీ అద్దాల మేడలే. కింద బ్యాంకు, మధ్యలో కళ్ళ డాక్టరు, పైన మండి బిర్యానీ. కానీ ఒక్క మలుపు తిరగ్గానే చప్పుడంతా ఎవరో స్విచ్చి కట్టేసినట్టు ఆగిపోతుంది. పాతకాలపు రెండంతస్తుల ఇళ్ళు సగం, వాటిని కూల్చి కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు సగం. ప్రహరీల మీంచి కాగితంపూలు వేలాడుతుంటాయి. పగటిపూట మనిషి అలికిడి ఉండదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనులకి పోతారు. మా చీరాలలో అయితే పన్నెండింటికి కూడా ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు బియ్యం ఏరుతూ కనిపిస్తారు.

అక్క గది తొమ్మిదడుగుల వెడల్పుంటుంది. రెండు మిషన్లు, కత్తిరింపుల బల్ల, ఒక స్టూలు, గోడకి ఒక ప్లైవుడ్ పలక. పలక నిండా మేకులు, మేకులకి తాళంచెవులు. మొత్తం పదకొండు. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం ముడి.

"ఇవేంటక్కా?"

"వీధిలోవాళ్ళవే. పనమ్మాయి ఒక వేళకొస్తుంది, పిల్లలు ఒక వేళకొస్తారు, గ్యాసువాడు ఇంకో వేళకి. అందరూ నాకిచ్చి పోతారు."

"మరి పేర్లు లేవే?"

"పేర్లు రాస్తే దొంగకి పని తేలిక చేసినట్టు కాదూ? ఆ ఇంటివాళ్ళు నా దగ్గర మొదట కుట్టించుకున్న బట్ట ఏ రంగో, ఆ రంగు దారం కట్టా. చిలకాకుపచ్చ డబ్బింగ్ చెప్పే పిల్లది. లేత గులాబీ డాక్టరమ్మది. అది నాకు తప్ప ఎవరికీ తెలీదు."

మా ఊళ్ళో తాళంచెవి మీటరు పెట్టె మీద పెడతాం. అందరికీ తెలుసు, అయినా రహస్యమే. ఈ దారాల పద్ధతి నాకు ఎంతో నచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను.

సాయంత్రం విశ్వనాథంగారు వచ్చారు. అసోసియేషన్ కార్యదర్శి ఆయనే. తణుకు దగ్గర నుంచి వచ్చి ఇక్కడ ఇరవై రెండేళ్ళ కిందట ఇల్లు కట్టుకున్నారు. నడక బూట్లు, చేతిలో కర్ర, మాట మెత్తన. ఆయన రాక్షసుడిలా ఉంటాడని ఊహించుకుని వచ్చిన నాకు కాస్త నిరాశ కలిగింది.

"మీ అక్కగారి మీద నాకేం కోపం లేదమ్మా. ఆ మెయిన్ రోడ్డు చూశారా? మొదట ఒక్క బేకరీ వచ్చింది. బేకరీయే కదా అనుకున్నాం. ఇప్పుడు నా స్నేహితుడు తన గేటు ముందు పరాయి కార్లు తియ్యమని రోజూ బతిమాలుకుంటున్నాడు. ఇవాళ టైలరు, రేపు బిర్యానీ, ఎల్లుండి బార్. గీత ఎక్కడ గీయమంటారు?"

"గీత గీయడానికి పుస్తకాల్లో పద్ధతులున్నాయండీ" అన్నాను.

"అయితే ఆదివారం చెప్పండి, వింటాం" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఆయన ప్రశ్న నాకు నచ్చింది. అదే చిక్కు.

కృష్ణానగర్, గురువారం

పొద్దున్నే అక్కతో కలిసి, బిగించిన డాన్సు బట్టలు ఇవ్వడానికి కృష్ణానగర్ వెళ్ళాను. శ్రీనగర్ కాలనీ నుంచి నడిచి పోవచ్చు, కానీ ఇంకో దేశంలోకి అడుగుపెట్టినట్టుంటుంది. ఇక్కడ కింద విగ్గుల కొట్టు, దాని మీద గది అద్దెకు, దాని మీద డాన్సు నేర్పే చోటు, ఆ పైన డాబా మీద ఎవరో అద్దంలో చూసుకుంటూ ఏడుపు సాధన చేస్తున్నారు. ఇల్లు ఎక్కడైపోయి కొట్టు ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. మా పుస్తకంలో దీన్ని మిశ్రమ వినియోగం అంటారు. అంటే నివాసం, వ్యాపారం, పని ఒకే చోట కలిసి ఉండటం. ఆ అధ్యాయంలో బొమ్మలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, కానీ వాటిలో ఇంత సందడి లేదు.

నేను వీధి వెడల్పు అడుగులతో కొలుస్తూ రాసుకుంటుంటే ఒక జూనియర్ ఆర్టిస్టు నా పక్కనే నిలబడ్డాడు. పోలీసు బట్టల్లో ఉన్నాడు, కాళ్ళకి మాత్రం హవాయి చెప్పులు.

"ఏ కంపెనీ అమ్మా? లొకేషన్ చూస్తున్రా?"

"లేదు బాబూ, చదువుకోసం."

"చదువా? ఈ గల్లీల చదవనీకి ఏముందమ్మా! పైన డాన్సు, కింద మిక్సీ, మధ్యల మేం. నిద్ర పట్టదు. గని జ్వరమొస్తే మాత్రం ఎవరో ఒకరు గంజి తెస్తరు."

ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. అతని పక్కనే నిలబడి టిఫిన్ చేశాం. నలభై రూపాయలకి నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి కావలసినంత. సాంబారు కొంచెం తీపి. చీరాలలో ఇలాంటి సాంబారు పోస్తే తిరిగి పంపేస్తాం, ఇక్కడ మాత్రం రెండోసారి అడిగి పోయించుకున్నాను.

జూబ్లీ హిల్స్, అదే రోజు మధ్యాహ్నం

అక్క మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. పని కాస్త తెమిలాక నేనొక్కదాన్నే ఆటో ఎక్కి జూబ్లీ హిల్స్ వెళ్ళాను. ఇళ్ళు మాత్రమే ఉండే చోటు ఎలా ఉంటుందో కళ్ళతో చూడాలనిపించింది. ఎత్తైన గోడలు, గోడల వెనక చెట్లు, చెట్ల వెనక ఎక్కడో ఇల్లు. బండరాళ్ళని తొలచకుండా వాటి మధ్యనే కట్టిన ఒక మేడ ముందు పావుగంట నిలబడిపోయాను. అంత అందంగా ఉంది. కానీ గంటసేపు నడిస్తే నాకు ఎదురైన పాదచారులు ముగ్గురు, వాళ్ళలో ఇద్దరి చేతిలో కుక్క గొలుసులు.

దాహమేసింది. దగ్గర్లో ఉన్నది ఒకే ఒక కాఫీ హోటల్. మెనూలో మామూలు కాఫీ రెండువందల ఎనభై. కుర్చీ మెత్తగా ఉంది కానీ లేచి వచ్చేశాను. ఒక గేటు ముందు వాచ్‌మన్‌ని నీళ్ళడిగాను. మహబూబ్‌నగర్ వైపు మనిషి. సీసా ఇచ్చి, స్టూలు కూడా నా వైపు జరిపాడు.

"గీడ నడిచేటోల్లు ఎవ్వరుండరమ్మా. కుక్కలు నడుస్తయి, ఆటి ఎనకాల మనుషులు నడుస్తరు."

"మరి మీకు చాయ్ కావాలంటే?"

"గదే కదా కథ! నాలుగింటికి ఒకాయన సైకిల్ మీద కెటిల్ పెట్టుకోని వస్తడు. ఆయన రాంగనే గీ రోడ్డుల ఉన్న వాచ్‌మన్లు, డ్రైవర్లు, పనోల్లు అందరం గేట్లల్లకెల్లి బయటికొస్తం. పావుగంట బజారే. ఆయన పోతడు, మల్ల ఎవని గేట్ల వాడు."

నాలుగింటి దాకా ఉన్నాను. నిజంగానే సైకిలు వచ్చింది. గేట్లు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకున్నాయి. పదిహేను రూపాయల చాయ్ చేత్తో పట్టుకుని, అంతవరకూ ఖాళీగా ఉన్న రోడ్డు మీద పన్నెండుమంది నవ్వుకుంటుంటే, నేను అక్కడి మనిషినే అన్నట్టు నన్నూ కలుపుకున్నారు. పుస్తకంలో ఒక పేజీ బతికొచ్చి ఎదురుగా నిలబడినట్టనిపించింది. వీధికి ఒక చిన్న వ్యాపారం ఎంత అవసరమో నాలుగు పేజీల ఉపన్యాసం ఆ సాయంత్రమే రాసేశాను.

ఫిలింనగర్, శుక్రవారం: ఇళ్ళు లేని వీధి

ఇప్పుడు చెప్పేది నా తప్పు.

శుక్రవారం అక్క లైనింగు గుడ్డ కొనడానికి సికింద్రాబాదు వెళుతూ, షాపు నాకు అప్పగించింది. "మూడింటికల్లా వచ్చేస్తా. ఆలోగా తాళాలకి ఎవరూ రారులే" అంది. తను అటు వెళ్ళిన కాసేపటికి శేఖర్ వచ్చాడు. సినిమాకి సెట్లు వేసే ఆర్ట్ డిపార్టుమెంటులో అసిస్టెంటు, ముప్పై ఏళ్ళుంటాయి, అక్క దగ్గరే సెట్టుకి కర్టెన్లు కుట్టిస్తుంటాడు. కర్టెన్లు సంచిలో సర్దుకుంటూ గోడ వైపు చూసి ఆగిపోయాడు.

"అక్కా, గీ బోర్డు ఒక్కపూట ఇయ్యవా? ఫిలింనగర్‌ల వీధి సెట్టు ఏసినం. అందరం తల పట్టుకున్నం. ఇండ్లున్నయి, కిటికీలున్నయి, గని ఏదో తక్కువున్నది. గిది కిరాణం గోడకు పెడితే ఐపోతది."

"తాళాలు తీసేసి ఇస్తాను."

"అయ్యో, తాళాలుంటెనే గదా అందం! ఆ దారాలు సూడు, మేం చేస్తే గట్ల రానే రావు. నాలుగింటికల్ల నేనే తెచ్చిస్త. ఏం ఫికర్ జెయ్యకు."

తాళాలు నా చేతిలోంచి వదలనన్నాను. నేనూ వస్తానన్నాను. నిజం చెప్పాలంటే సెట్టు మీద వీధి ఎలా కడతారో చూడాలన్న ఆశ నా బుద్ధిని కమ్మేసింది. షాపుకి తాళం వేసి ఒక చీటీ అంటించాను: "ఫిలింనగర్ వెళ్ళాను. నాలుగింటికి వస్తాను. మీ తాళాలు నాతోనే ఉన్నాయి."

ఫోన్లు లోపలికి తేకూడదని గేటు దగ్గరే కవర్లో పెట్టి తీసేసుకున్నారు. ఆ తర్వాత నేను చూసిన వీధిని ఏమని చెప్పను! కింద కిరాణం, పక్కన మంగలి షాపు, పైన వరండాల్లో ఆరేసిన బట్టలు, మూల మీద సైకిలు రిపేరు. మా పుస్తకంలోని బొమ్మలన్నీ కలిపి ఎవరో రంగులేసినట్టుంది. ఒక ఇంటి గోడకి ఆనుకుంటే గోడ ఊగింది.

"అక్కా, ఆనకు, థర్మాకోల్!" అని శేఖర్ పరిగెత్తుకొచ్చాడు.

బోర్డు కిరాణం గోడకి తగిలించాడు. తగిలించగానే కెమెరా అతను అంత దూరం నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు.

"చూసినవా?" అన్నాడు శేఖర్. "పది ఇండ్లు ఏసినా కెమెరాల ఖాళీగనే కనబడ్తది. ఇస్త్రీ బండి పెట్టినం, కొంచెం నిండింది. గీ తాళాలతోని మొత్తం నిండింది. ఇప్పుడు గీడ మనుషులు ఒకరినొకరు ఎరుగుదురని అనిపిస్తది."

నా నాలుగు పేజీల ఉపన్యాసం ఆ మూడు ముక్కల ముందు తేలిపోయింది. ఆనందంతో పొంగిపోతూ నోటుబుక్కు తీశాను. సరిగ్గా అప్పుడే డైరెక్టర్ తరఫున ఒక అమ్మాయి వచ్చింది.

"ఆవిడెవరు బోర్డు పక్కన?"

"తాళాలు వదిలి పోనంటున్నరు మేడం."

"అయితే కూర్చోబెట్టెయ్. కిరాణం ఓనరు. ఫేసు కూడా బావుంది."

పది నిమిషాల్లో నాకు వెలిసిపోయిన చీర కట్టి, నుదుటి మీద రూపాయంత బొట్టు పెట్టి, స్టూలు మీద కూర్చోబెట్టారు. పుట్టి బుద్ధెరిగాక నేను బొట్టు పెట్టుకున్నది అదే మొదలు. కదలకుండా కూర్చోవాలి, పప్పు తూచాలి, అంతే. హీరో సైకిలు మీద వెళ్ళాడు. మళ్ళీ వెళ్ళాడు. పదకొండుసార్లు వెళ్ళాడు. మధ్యలో భోజనం పెట్టారు. గుత్తివంకాయ, చేపల పులుసు, పెరుగు, అరటిపండు. సినిమావాళ్ళు అన్నం దగ్గర ఎవరినీ తక్కువ చెయ్యరని ఆ పూటే తెలిసింది.

మూడున్నరకి లేచి బోర్డు తియ్యబోయాను. నలుగురు ఒక్కసారి అరిచారు.

"అక్కా, కంటిన్యుటీ!" అన్నాడు శేఖర్ నీరుగారిపోయి. ఒకసారి కెమెరాలో పడిన వస్తువు ఆ సీను పూర్తయ్యేదాకా అంగుళం కదలకూడదట. బోర్డు కెమెరాలో పడింది. నేనూ పడ్డాను. సీను ఇంకా సగం ఉంది.

"పదకొండు ఇళ్ళ తాళాలు శేఖర్! పిల్లలు స్కూలు నుంచి వచ్చేస్తారు!"

"నన్ను మన్నించక్కా. గింత సేపైతదని నాకే తెల్వదు. వెలుగు పొయ్యేలోపట అయిపోతది."

పప్పు తూస్తూ ఆ రెండున్నర గంటలు నేను పడిన బాధ కెమెరాలో కనిపించే ఉంటుంది. ఎవరి పిల్లలు ఎక్కడ కూర్చున్నారో! విశ్వనాథంగారికి ఇంతకంటే ఏం కావాలి? అక్క గదిని నిలబెట్టడానికి వచ్చి, నా చేతులతో నేనే మూయించేస్తున్నాను.

మెట్ల మీద

ప్యాకప్ చెప్పగానే చీర మార్చుకోకుండా, బొట్టు చెరుపుకోకుండా, బోర్డు ఒళ్ళో పెట్టుకుని కంపెనీ వ్యాన్‌లో వచ్చి పడ్డాను. ఇంకా వెలుతురుంది. అక్క షాపు ముందు మెట్ల మీద, ప్రహరీ మీద, ఇస్త్రీ బండి మీద కూడా జనం. ఇరవైమంది దాకా ఉంటారు. డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుని ఎవరి పిల్లాడికో లెక్కలు చెబుతోంది. అక్క కత్తిరింపుల బల్ల మీద బట్టలన్నీ పక్కకి నెట్టి చాయ్ గ్లాసులు. వాళ్ళ మధ్యలో, కాళ్ళ దగ్గర రెండు కూరగాయల సంచులు, చేతిలో చాయ్ గ్లాసుతో, విశ్వనాథంగారు.

అక్క నన్ను పైనుంచి కిందకి చూసింది.

"ఏమే సలోమీ, వీధి తాళాలు ఊరేగించి రమ్మని రాసుందా నీ పుస్తకంలో? ఆ బొట్టేంటే!"

"కంటిన్యుటీ అక్కా" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

డబ్బింగ్ చెప్పే పిల్ల పకపకా నవ్వింది. "ఆంటీ, నన్ను కూడా ఇలాగే ఇరికిస్తారు!" ఆ నవ్వు మిగతావాళ్ళకీ అంటుకుంది. అక్క మాత్రం నవ్వలేదు. వరసగా తాళాలు తీసి ఇస్తోంది, తలెత్తకుండా. చిలకాకుపచ్చ. లేత గులాబీ. నారింజ. పది అయ్యాయి.

ఇంకా ఒకటి మిగిలింది. మెరూన్ దారం. విశ్వనాథంగారు కూడా మిగిలారు.

"మీరెందుకండీ కూర్చున్నారు? మీ తాళం..." అని నేను అడగబోయాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. "మా ఆవిడ విజయవాడ వెళ్ళింది. నేను మార్కెట్టుకి పోతూ తలుపు లాగేశాను, తాళంచెవి లోపలే ఉండిపోయింది. ఫోన్ చేస్తే..."

"చేస్తే?" అంది డాక్టరమ్మ.

"ఆరేళ్ళ నుంచి ఒకటి ఇక్కడే ఉందట!"

అక్క మెరూన్ దారం తాళం తీసి, రెండు చేతులతో ఇచ్చింది. "భారతమ్మగారు మీకు చెప్పొద్దన్నారండీ. మీరు తిడతారని." ఆయన తాళంచెవి వంక చూశారు, చాయ్ గ్లాసు కింద పెట్టారు, సంచులు ఎత్తుకుని వెళ్ళిపోయారు. అప్పటికి నాకూ అక్కకీ నవ్వు రాలేదు.

శ్రీనగర్ కాలనీ, ఆదివారం

చర్చి నుంచి తిన్నగా మీటింగుకే వెళ్ళాం. ఒక అపార్ట్‌మెంటు కింద, కార్లు బయట పెట్టి కుర్చీలు వేశారు. అక్క నా చెయ్యి వదల్లేదు. చెయ్యి చల్లగా ఉంది.

విశ్వనాథంగారు లేచి శుక్రవారం జరిగింది మొదటి నుంచి చెప్పారు. ఒక్క ముక్క తగ్గించలేదు. "పదకొండు ఇళ్ళ తాళాలు మూడు కిలోమీటర్ల అవతల సినిమా సెట్టు మీద వేలాడాయి. దీన్ని భద్రత అంటారా?" అని అడిగారు.

నేను లేచి నాలుగు పేజీలు విప్పాను. మొదటి పేజీ సగంలో ఉండగా వెనక ఎవరో ఆవులించారు. పేజీలు మడిచేశాను.

"తప్పు నాదండీ, మా అక్కది కాదు" అన్నాను. "సెట్టు మీద ఒక అబ్బాయి నాకొక మాట చెప్పాడు. పది ఇళ్ళు వేసినా వీధి ఖాళీగానే ఉందట. మా అక్క బోర్డు పెట్టాకే అక్కడ మనుషులు ఒకరినొకరు ఎరుగుదురని అనిపించిందట. మొన్న విశ్వనాథంగారు గీత ఎక్కడ గీయాలని అడిగారు. ఏం అమ్ముతున్నారని చూడకుండా, ఎంత పెద్దది, ఎంత చప్పుడు, ఎన్ని బళ్ళు, ఎన్నింటిదాకా అని చూసి గీయొచ్చండీ. అలా గీస్తే టైలరు ఇటు ఉంటుంది, బార్ అటు ఉంటుంది."

కూర్చున్నాను.

"అంకుల్, మీ తాళం కూడా ఉంది కదా బోర్డు మీద!" అంది డబ్బింగ్ పిల్ల.

అందరూ నవ్వారు. విశ్వనాథంగారు చెయ్యెత్తి ఆపారు. "అదే చెప్పబోతున్నా, చెప్పనివ్వవేం అమ్మా? ఇరవై రెండేళ్ళు ఈ వీధిలో ఉన్నాను. ఎదురింటి మూడో అంతస్తులో పియానో నేర్పే ఆయన మా తణుకు మనిషేనని మొన్న ఆ మెట్ల మీద కూర్చుంటే తెలిసింది. ఆ గది మూసేస్తే మళ్ళీ ఎక్కడ కూర్చోవాలి నేను?" నా వైపు తిరిగారు. "రాయండమ్మా. మీరన్న ఆ గీత, తీర్మానంలా రాయండి. ఇంగ్లీషు వద్దు, అందరికీ అర్థమయ్యేలా తెలుగులో."

నేనే రాశాను. జీవితంలో మొదటిసారి నా చదువు నలుగురి ముందు కాగితం మీదికి వచ్చింది. ఇంటి కింద ఒక్క గదికి మించకూడదు. సాయంత్రం ఏడు తర్వాత మిషను ఆడకూడదు. వచ్చినవాళ్ళ బళ్ళు పరాయి గేటు ముందు పెట్టకూడదు. వంట వ్యాపారం, మద్యం లోపలి వీధుల్లోకి రాకూడదు. ఒక్కొక్క దానికీ చేతులు లేచాయి. అక్క ఇంటి ఓనరు కూడా ఎత్తాడు. అక్క చెయ్యి నా చేతిలో మెల్లగా వెచ్చబడింది.

"ఐదోది" అన్నారు విశ్వనాథంగారు, నన్నే చూస్తూ. "తాళాల బోర్డు ఏ కారణం చేతనైనా ఈ వీధి దాటి పోకూడదు. గట్టిగా రాయండి. కింద గీత కూడా గీయండి."

గీశాను. అన్నిటికంటే ఎక్కువ చేతులు లేచింది దానికే.

సోమవారం పొద్దున నేను సంచి సర్దుకుంటుంటే ఆయన షాపుకి వచ్చారు. బూడిదరంగు ప్యాంటు ఒకటి బల్ల మీద పెట్టారు, కింద అంగుళం మడిచి కుట్టమని. మెరూన్ దారం తాళం తీసి తనే మేకుకి తగిలించారు.

"ఇప్పుడు మీ బట్ట కూడా వచ్చింది కదండీ, దారం మార్చమంటారా?" అని అక్క అడిగింది.

"వద్దొద్దు. ముందు నమ్మింది ఆవిడ. ఆవిడ రంగే ఉండనీ."

నేను వచ్చేసి మూడు వారాలైంది. పుస్తకం గ్రంథాలయంలో తిరిగి ఇచ్చేశాను. పని పడిందా అని అడిగారు లైబ్రేరియన్‌గారు. పడిందండీ, నాలుగు పేజీలు రాస్తే ఐదు వాక్యాలు మిగిలాయి అన్నాను. ఆ సినిమా ఎప్పుడొస్తుందో, దాని పేరేమిటో శేఖర్‌కే ఇంకా తెలియదట. ఎప్పుడైనా మీరు తెర మీద ఒక వీధి చూస్తే, హీరో సైకిలు మీద పోతుంటే, వెనక కిరాణంలో పెద్ద బొట్టుతో ఒకావిడ దిగులుగా పప్పు తూస్తూ కనిపిస్తే, అది నేనే. ఆ గోడలు థర్మాకోల్, ఆ కిటికీల వెనక ఎవరూ లేరు. నా తల మీద ఉన్న తాళాలు మాత్రం నిజమైనవి. అవి తెరిచే ఇళ్ళు శ్రీనగర్ కాలనీలో ఉన్నాయి, వాటి ముందు రూతక్క మిషను సాయంత్రం ఏడు దాకా ఆడుతూనే ఉంటుంది.